మొక్క మీద కోపం ఎందుకు? గోదావరి పెరటి తోటల చిరాకులు, వాటి అసలు కారణాలు

రాజమండ్రిలో గానీ, కాకినాడలో గానీ, కోనసీమలో ఏ పల్లెలో గానీ మొక్కలు పెంచే ఇద్దరు కలిస్తే మాట మొదలయ్యేది పూల గురించి కాదు, ఫిర్యాదుతోనే. "మా పుదీనా అంతా కుళ్ళిపోయింది." "కరివేపాకు చెట్టుకి ఒక్క రెబ్బ మిగల్లేదు." "సొరపాదు గోడంతా పాకింది, కాయ మాత్రం పడట్లేదు." "నర్సరీలో నిండా పూలున్న మొక్క, ఇంటికి తెచ్చాక పది రోజుల్లో మోడైంది." వినేవాళ్ళు కూడా తలూపి తమ ఇంటి గొడవ మొదలుపెడతారు.

ఇవి చిన్న చిరాకులే. కానీ చిరాకులో చేసే పని ఒక్కోసారి చిన్నది కాదు. పురుగు కనిపించగానే పొలాలకు వాడే మందుల కొట్టుకెళ్ళి, కొట్టువాడు ఏ సీసా ఇస్తే అది తెచ్చి కొట్టేస్తారు. ఆ ఆకే సాయంత్రం పచ్చడిలోకి, బిర్యానీలోకి, పిల్లల కంచంలోకి వస్తుంది. పెరట్లో పెంచుకునేదే మందుల్లేని ఆకు తినాలని. తీరా బజారు కూర కంటే ఇంటి కూరే ప్రమాదంగా మారుతుంది.

నిజానికి గోదావరి డెల్టాలో పెరటి చిరాకుల్లో ఎక్కువ భాగం మొక్క తప్పూ కాదు, చేతి తప్పూ కాదు. ఇక్కడి మట్టి, నీళ్ళు, గాలిలో తేమ, నర్సరీల రాకపోకలు, వీటి నుంచి పుట్టినవే. కారణం తెలిస్తే చాలావాటికి మందు అక్కర్లేదు. ఒక్కొక్కటీ చూద్దాం.

ఒండ్రుమట్టి బంగారమే, నీరు నిలవనంత వరకే

ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల కింద దాదాపు పది లక్షల ఎకరాలు సాగులో ఉన్నాయి. గోదావరి ఏళ్ళ తరబడి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి ఈ నేలది. విత్తనం పడితే మొలవని చోటు లేదు. ఆ బలంతోనే ఒక బాధ కూడా వచ్చింది. ఇది పల్లపు నేల, సన్నని మట్టి. వాన పడితే నీరు త్వరగా దిగదు. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోటంతా నీరు నిండుతుంది. వేరుకి కూడా ఊపిరి కావాలి. గాలి అందని వేరు రెండు మూడు రోజుల్లో కుళ్ళడం మొదలవుతుంది.

ఇక్కడే అందరూ పడే పొరపాటు ఒకటుంది. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు. అందుకని ఆకులు వాడిపోతాయి. వాడిన ఆకు చూసి దాహం అనుకుని ఇంకో చెంబు పోస్తారు. మొక్క ఇంకా త్వరగా చనిపోతుంది. వానాకాలంలో పుదీనా, గులాబీ, బొప్పాయి పోయేది ఎక్కువగా ఇలాగే.

ఉపాయం సులువు. నీళ్ళు పోసే ముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించండి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. నేలలో పెంచేవాళ్ళు జానెడు ఎత్తు మడి కట్టి దాని మీద నాటాలి. కుండీలో అయితే కింది రంధ్రం పూడిపోలేదని నెలకోసారి పుల్లతో పొడిచి చూడాలి. పుదీనా కోసం ఇంకో జాగ్రత్త: వానలు ముదిరే ముందే నాలుగు తీగలు తుంచి వేరే కుండీలో గుచ్చి, చూరు కింద పెట్టుకోండి. మడిలోది పోయినా విత్తు మిగులుతుంది.

కుండీల కింద పెట్టే పళ్ళేల సంగతి మరీ ముఖ్యం. డెంగీ దోమ మురికి కాలువలో కాదు, ఇలాంటి శుభ్రమైన నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికొకసారి, మర్చిపోకుండా ఉండాలంటే ప్రతి శుక్రవారం, పళ్ళేలన్నీ ఒంపేసి రుద్ది బోర్లించడం అలవాటు చేసుకోవాలి.

ఎండాకాలానికి కథ తిరగబడుతుంది. రబీ కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. బావుల్లో నీటిమట్టం దిగుతుంది. సముద్రానికి దగ్గరైన ఊళ్ళలో ఆ నీటికి ఉప్పదనం పెరుగుతుంది. కుండీ అంచున తెల్లగా పొర కడుతోందంటే, ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరుగుతున్నాయంటే అది తెగులు కాదు, ఉప్పు. ఆ నీరు ఆకుల మీద చల్లకూడదు. రోజూ కొంచెం కొంచెం పోస్తే ఉప్పు మట్టిలోనే పేరుకుంటుంది. రెండు రోజులకోసారి కింది రంధ్రం నుంచి కారేదాకా పోస్తే కొంత కొట్టుకుపోతుంది. మంచినీటి కొరత ఉన్న ఇళ్ళలో వుజూ నీరు చక్కగా పనికొస్తుంది. అందులో సబ్బు ఉండదు. ఇంట్లో నలుగురు ఐదు పూటలా వుజూ చేసే నీరు ఒక తొట్టిలోకి మళ్ళిస్తే డాబా మీద కుండీలకు సరిపోతుంది. అసలు వుజూలోనే నీరు వృథా చేయొద్దన్న మాట అందరికీ తెలిసిందే.

కడియంలో కళకళ, ఇంటికొచ్చాక వెలవెల

రాజమండ్రి నుంచి జాతీయ రహదారి మీద వెళ్తే కడియం, కడియపులంక చుట్టుపక్కల వందల నర్సరీలు. దేశం నలుమూలలకూ ఇక్కడి మొక్కలు లారీల్లో వెళ్తాయి. గోదావరి వాళ్ళకి ఇది పక్కూరు. ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి, డిక్కీ నిండా మొక్కలు తెచ్చుకుంటారు. పది రోజుల తర్వాత "మోసం చేశాడు, బాగా లేని మొక్క ఇచ్చాడు" అనే మాట వస్తుంది.

చాలాసార్లు అది మోసం కాదు. నర్సరీలో మొక్క పచ్చని నీడవల కింద, పక్కపక్కనే ఒత్తుగా ఉన్న మొక్కల తేమలో పెరుగుతుంది. రోజూ తడి, పైనుంచి తేలిక ఎండ. అలాంటి దాన్ని తెచ్చి ఏప్రిల్‌లో డాబా మీద కాంక్రీటు వేడిలో పెడితే తట్టుకోలేదు. కొత్త మొక్కని వారం పాటు నీడలో, తర్వాత వారం ఉదయపు ఎండలో ఉంచి, ఆ తర్వాతే అసలు చోటికి మార్చాలి. నాటడానికి తొలకరి తర్వాతి రోజులు గానీ, చలి మొదలయ్యే రోజులు గానీ మేలు. పాలిథిన్ కవరు చింపినప్పుడు వేళ్ళు గుండ్రంగా చుట్టలు చుట్టుకుని ఉంటే, వాటిని వేళ్ళతో మెల్లగా విడదీసి నాటాలి. లేకపోతే ఏడాది గడిచినా వేరు ఆ ముద్దలోనే తిరుగుతూ ఉంటుంది.

ఇంకో పాత ఫిర్యాదు: "కొన్నప్పుడు ఎర్ర గులాబీ, ఇప్పుడు ఒట్టి ముళ్ళకంప." అంటు మొక్కల్లో కింది భాగం ఒక రకం, పైభాగం ఇంకో రకం. కింది భాగం మొండిది. అంటు కట్టిన ముడికి కింద నుంచి వచ్చే చిగురు చాలా జోరుగా పెరుగుతుంది. అది చూసి సంబరపడి వదిలేస్తే, అసలు రకాన్ని అది తినేస్తుంది. మామిడి, సపోటా, గులాబీ ఏదైనా సరే, ముడి కింద వచ్చిన ప్రతి చిగురునీ లేతగా ఉన్నప్పుడే గిల్లేయాలి.

మొక్క కొనేటప్పుడు ఆకు తిప్పి అడుగున చూడటం కూడా అలవాటు చేసుకోవాలి. ఎందుకో తెలియాలంటే కొబ్బరిచెట్ల కథ తెలియాలి.

కొబ్బరి కింద నల్ల మసి

కొన్నేళ్ళుగా కోనసీమలో, రాజమండ్రి చుట్టుపక్కల ప్రతి ఇంట్లో వినిపించే గోల ఇది. కొబ్బరిచెట్టు కింద ఉన్న అరటి, జామ, క్రోటన్ ఆకులన్నీ నల్లగా మసి పట్టాయి. ఆరేసిన బట్టల మీద, బైకు సీటు మీద జిగురు. తుడిస్తే పోదు.

దీనికి కారణం సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికా ప్రాంతపు పురుగు. 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో కనిపించింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరితోటల్లో బయటపడింది. ఆ ఏడాదే కడియం ప్రాంతంలోనూ కనిపించింది. ఇది ఎంతో దూరం ఎగిరే పురుగు కాదు. ఊరు దాటేది ఎక్కువగా మొక్కల బండెక్కే. ఆకు అడుగున గుడ్లుగా, తెల్లని మైనపు పొర కింద పిల్లలుగా దాక్కుని లారీలో ప్రయాణం చేస్తుంది. అందుకే కొనే ముందు ఆకు తిప్పి చూడమనేది. అడుగున సున్నంతో సుడులు గీసినట్టు తెల్లని చుట్టలు కనిపిస్తే ఆ మొక్క వద్దు.

తెల్లదోమ ఆకు రసం పీల్చి తేనెలాంటి జిగురు వదులుతుంది. అది కింది ఆకుల మీద పడుతుంది. ఆ తీపి మీద నల్లని బూజు పెరుగుతుంది. మసి అంటున్నది దాన్నే. ఈ బూజు ఆకు లోపలికి పోదు, పైన దుప్పటిలా పరుచుకుని వెలుతురు అడ్డుకుంటుంది. అంటే చెట్టు చచ్చిపోతుందన్న భయం అక్కర్లేదు. కానీ చాలామంది ఆ భయంతోనే గట్టి మందులు కొట్టించారు. ఫలితం తిరగబడింది.

ఎందుకంటే ఈ తెల్లదోమకు ఒక శత్రువు ఉంది. ఎన్‌కార్సియా గ్వాడలోపె అనే కంటికి ఆననంత చిన్న కందిరీగ. తెల్లదోమ పిల్లల్లో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలి నుంచి తెల్లదోమను తినేసి, గుండ్రని కన్నం చేసుకుని బయటికొస్తుంది. రసాయన మందు కొడితే మైనం కింద దాక్కున్న తెల్లదోమ కొంత మిగులుతుంది, పైన తిరిగే ఈ కందిరీగ మాత్రం ముందు చచ్చిపోతుంది. కాపలావాడు పోతే దొంగకి పండగే కదా. అందుకే కొబ్బరి మీద పనిచేసే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం, వెంకట్రామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు గట్టి మందులు వద్దని, మిత్ర పురుగుల్ని కాపాడుకోమని చెబుతూ వచ్చారు. ఐసేరియా ఫ్యుమోసోరోసియా అనే మిత్ర శిలీంద్రాన్ని నీటిలో కలిపి ఆకు అడుగున చల్లడం కూడా వాళ్ళు సూచించినదే.

పెరట్లో ఒకటి రెండు చెట్లున్న ఇంటివాళ్ళు చేయగలిగింది ఇది. అందేంత ఎత్తులో ఉన్న మట్టల అడుగున పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టాలి. పసుపురంగు అట్టకి ఆముదం పూసి చెట్టు మొదలుకి కట్టాలి. పెద్ద పురుగులు వచ్చి అంటుకుంటాయి. మసి పట్టిన ఆకుల మీద పల్చటి గంజి చల్లాలి. గంజి ఎండి పొరలా లేచిపోతూ మసిని కూడా తీసుకుపోతుంది. ఆకు అడుగున తెల్లని పిల్లలు నల్లబడి కనిపిస్తే, వాటికి కన్నాలుంటే సంతోషించండి. కందిరీగ పని మొదలుపెట్టిందన్నమాట. అలాంటి ఆకు ముక్కలు కోసి, కందిరీగ ఇంకా చేరని పక్కింటి చెట్టుకి కడితే అక్కడా పాకుతుంది. గట్టి వానలు కూడా తెల్లదోమని తగ్గిస్తాయి.

కరివేపాకు, మందార, మునగ

కరివేపాకు మొక్క రాత్రికి రాత్రి బోడి అయిందంటే ముద్దాయి దాదాపు ఎప్పుడూ ఒకరే: నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. ముట్టుకుంటే తల దగ్గర కొమ్ముల్లాంటిది బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. కరవదు, కుట్టదు. చిన్న మొక్కకి అయిదారు పురుగులే ఉంటాయి. పుల్లతో ఏరి పారేస్తే పని అయిపోతుంది. రోజూ తుంచుకు తినే ఆకు మీద దీనికోసం విషం చల్లడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

మందార మొగ్గల దగ్గర దూదిలా పట్టేది పిండినల్లి. దీన్ని ఎంత తుడిచినా మళ్ళీ వస్తోందంటే చీమల్ని చూడండి. పిండినల్లి వదిలే తీపి కోసం చీమలు దాన్ని పాడి పశువులా కాపాడతాయి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి మోసుకెళ్తాయి, దాన్ని తినే పురుగుల్ని తరిమేస్తాయి. చీమల దారి కట్టేస్తే సగం పని అయినట్టే. పట్టిన కొమ్మ చివర్లు కత్తిరించి సబ్బు నీటి బకెట్‌లో ముంచాలి. మిగతాదాని మీద లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లాలి. ముందు రెండు ఆకుల మీద చల్లి, మర్నాడు మాడలేదని చూసుకుని మిగతా మొక్కకి కొట్టాలి.

బొప్పాయి పిండినల్లి కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2008లో కోయంబత్తూరులో ఈ పురుగు బయటపడింది. బొప్పాయి, మల్బరీ తోటలు నాశనమయ్యాయి. మందులు కొట్టీ కొట్టీ రైతులు అలిసిపోయారు. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల చిన్న కందిరీగల్ని తెప్పించి వదిలారు. తర్వాత పురుగు బాగా అదుపులోకి వచ్చింది. లీటర్ల కొద్దీ మందు చేయలేని పనిని కందిరీగ చేసింది.

మునగచెట్టు గొంగళి పురుగులది వేరే తంటా. వానలు మొదలయ్యాక మానుకి గుంపులు గుంపులుగా పడతాయి. వెంట్రుక తగిలితే దురద, దద్దుర్లు. పిల్లలున్న ఇళ్ళలో విసిగిపోయి చెట్టే కొట్టేస్తారు. పగలు అవి మాను మీద ఒకచోట గుమిగూడే అలవాటే వాటి బలహీనత. పొడవాటి చేతులున్న చొక్కా వేసుకుని, పొడుగు కర్రకి గుడ్డ చుట్టి, సబ్బు నీటి బకెట్‌లోకి గీరేస్తే చెట్టు మిగులుతుంది. చేత్తో మాత్రం ముట్టుకోకూడదు. చెట్టెక్కువ ఎత్తు పోకుండా ఏటా కాపు అయ్యాక నరికితే ఆకూ అందుతుంది, పురుగూ అందుతుంది.

పూత ఉంది, కాయ లేదు

సొర, బీర, పొట్ల, గుమ్మడి పాదులకి మొదటి రెండు వారాలూ వచ్చేవి ఎక్కువగా మగపూలు. అవి రాలిపోవాల్సినవే. పూవు వెనక బుల్లి కాయ ఉంటే ఆడపూవు. అది కూడా పసుపుపచ్చబడి రాలుతోందంటే పుప్పొడి అందలేదని అర్థం. గుమ్మడి, కాకర పొద్దున విచ్చుకుంటాయి. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకి తేనెటీగలో, రెక్కల పురుగులో రాకపోతే కాయ లేదు. చుట్టుపక్కల మందులు కొట్టిన చోట అవి తగ్గిపోతాయి. మగపూవు తుంచి, రేకులు వొలిచి, మధ్యనున్న పుప్పొడి కాడని ఆడపూవు మధ్యలో మెల్లగా రాస్తే సరి. పిల్లలకి అప్పజెబితే ఇష్టంగా చేస్తారు.

కాయ పడ్డాక పండు ఈగ వస్తుంది. కాకర, దోస, జామ కోస్తే లోపల తెల్లని పురుగులు. ఈగ తొక్కలోకి గుడ్డు గుచ్చి పోయాక పైన ఏ మందు కొట్టినా లోపలి పురుగుకి తగలదు. పిందె దశలోనే కాగితం సంచి తొడగడమే మార్గం. పుచ్చిన కాయల్ని పెరట్లో మూలకి విసిరేస్తే మాత్రం ఈగల్ని పెంచినట్టే. పురుగు మట్టిలోకి దిగి, ఈగై తిరిగొస్తుంది. పుచ్చులన్నీ పాలిథిన్ సంచిలో కట్టేసి నాలుగు రోజులు ఎండలో పడేయాలి.

తుంగ పీకితే పెరుగుతుంది

తుంగని శాపం పెట్టని తోటమాలి డెల్టాలో లేడు. పైన గడ్డి పీకితే కింద గడ్డ ఉండిపోతుంది. గడ్డలన్నీ సన్నని దారంతో గొలుసులా కలిసి ఉంటాయి. పలుగుతో పొడిస్తే ఆ గొలుసు తెగి, అప్పటిదాకా నిద్రపోతున్న గడ్డలు లేచి విడివిడిగా మొలుస్తాయి. పల్చటి ప్లాస్టిక్ కప్పినా సూది మొనతో పొడుచుకొస్తుంది. దాని బలహీనత నీడ. తోటకూర, బచ్చలి, చిలగడదుంప లాంటివి ఒత్తుగా వేసి నేల కనపడకుండా చేస్తే నీరసపడుతుంది. మడి చిన్నదైతే తడి మట్టిలోంచి గడ్డతో సహా మెల్లగా లాగి, వారం వారం వచ్చిన చిగురు వచ్చినట్టు తీస్తూ పోవాలి. గడ్డలో దాచుకున్న బలం అయ్యేదాకా ఓపిక పట్టాలి.

ఇక వానాకాలపు పెద్ద నత్త. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ నత్త 1847లో కలకత్తాలో అడుగుపెట్టింది. ధవళేశ్వరం ఆనకట్టకు పని మొదలైన ఏడాదే. రాత్రి తిరిగి, పగలు తడి చోట దాక్కుంటుంది. సాయంత్రం తడిపిన గోనెసంచి కింద బొప్పాయి ఆకులో, క్యాబేజీ ఆకులో పెట్టి, తెల్లవారి సంచి ఎత్తితే గుంపుగా దొరుకుతాయి. చేతికి తొడుగు లేకుండా పట్టుకోవద్దు. ఇవి మనిషి మెదడుకి హాని చేసే నులిపురుగుల్ని మోయగలవు. ఉప్పు మట్టిలో చల్లొద్దు, ఉప్పునీటి బకెట్‌లో వేయండి. నత్తలు తిరిగిన చోట ఆకుకూరని బాగా కడగాలి.

గోడ అవతలి గొడవలు

పురుగుల కంటే మనుషులతో వచ్చే చిరాకులే ఎక్కువ బాధపెడతాయి. పక్కింటి కొబ్బరి మట్ట వచ్చి మన పందిరి మీద పడుతుంది. మన మునగ ఆకులు వాళ్ళ వాకిట్లో రాలతాయి. తెల్లారేసరికి మందార, నందివర్ధనం పూలు ఎవరో పూజకి కోసుకెళ్తారు. మన కోళ్ళు వాళ్ళ మెంతికూర మడి గీకేస్తాయి.

గోరింట సంగతి గోదావరి ఊళ్ళకే అందమైన తగువు. ముస్లిం ఇళ్ళ పెరట్లో గోరింట చెట్టు ఉందంటే ఆషాఢంలో వీధిలోని హిందూ ఆడపడుచులు వస్తారు, ఈద్ ముందు చుట్టాలు వస్తారు. రెండుసార్లూ చెట్టు బోడి. నానీమాలు గొణుగుతారే గానీ వద్దనరు. గోరింటకి దీనివల్ల నష్టం లేదు. మెట్ట నేలల్లో పుట్టిన మొండి చెట్టు అది. కత్తిరించేకొద్దీ గుబురుగా చిగురిస్తుంది. కొమ్మలు విరిచి చీల్చకుండా కత్తెరతో కోయమని, కింది కొమ్మలకి కొంత ఆకు వదలమని చెబితే చాలు. దానికి పడనిది నీరు నిలవడం ఒక్కటే.

బక్రీద్ ముందు మేకని కట్టేసిన ఇంట్లో పెరడు మిగలదు. కరివేపాకు పోయినా మళ్ళీ వస్తుంది. భయపడాల్సింది గన్నేరు గురించి. అందం కోసం వాకిట్లో, రోడ్ల మధ్య విరివిగా నాటే ఈ మొక్క ఆకులు పశువులకి విషం. పచ్చివే కాదు, ఎండినవి కూడా. కొద్ది ఆకులు తిన్నా మేక గుండె ఆగి చనిపోవచ్చు. కత్తిరించిన గన్నేరు కొమ్మల్ని మేకలు తిరిగే చోట పడేయకూడదు. పక్కింటివాళ్ళకీ ఈ మాట చెప్పాలి.

పొరుగువారి హక్కు గురించి ముస్లిం ఇళ్ళలో పిల్లలు చిన్నప్పటి నుంచీ వింటారు. పెరట్లో ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. తెల్లదోమ, పండు ఈగ, దోమ, నత్త, వీటిలో ఏదీ గోడ దగ్గర ఆగదు. ఒక ఇల్లు పుచ్చులు ఏరి, పక్కిల్లు వదిలేస్తే ఇద్దరికీ ఫలితం ఉండదు. మట్ట పడిందని గొడవపడిన ఇంటితోనే ఎన్‌కార్సియా ఉన్న ఆకుముక్క పంచుకోవాల్సి వస్తుంది. ముందే మాట కలిసి ఉంటే మంచిది.

రంజాన్‌కి కొత్తిమీర

రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రంజాన్ వచ్చిన ఏళ్ళలో ఇంటి కొత్తిమీర దక్కలేదని చాలామంది బాధపడ్డారు. వేడి తగిలితే కొత్తిమీర ఆకు మానేసి పూతకి పోతుంది. అది దాని స్వభావం. ఇప్పుడు కాలం కలిసొస్తోంది. 2026లో ఫిబ్రవరి మూడో వారం, 2028లో జనవరి చివర రంజాన్ మొదలవుతుంది. 2030లో అయితే జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి. డెల్టాలో కొత్తిమీర, పుదీనా, మెంతికూర బాగా వచ్చే చలి రోజులివి.

ధనియాలని అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి విత్తాలి. మొలకకి వారం నుంచి రెండు వారాలు, కోతకి దాదాపు నలభై రోజులు. అంటే రజబ్ చివరి పది రోజుల మొదట్లోనే విత్తితే మొదటి ఇఫ్తార్‌కి అందుతుంది. షాబాన్‌లో పది రోజులకోసారి ఇంకో రెండు మడులు విత్తితే ఈద్ దాకా లోటుండదు.

మందు సీసా ముట్టుకునే ముందు

మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. అలాంటి మందు పొలం కోసం తెచ్చిన సగం సీసా ఇంట్లో ఉందని పెరట్లో కొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. కొబ్బరికి వేరు ద్వారా మందు ఎక్కించిన చెట్టు బొండాలు నెలన్నర దాకా తాగకూడదు. ఆ సంగతి పక్కింటి పిల్లలకి ఎవరు చెబుతారు? మందులు నిజంగా తప్పని చోట రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుల్ని అడిగి, ఏ పంటకి, ఎంత మోతాదు, ఎన్ని రోజుల తర్వాత కోయాలో తెలుసుకునే కొట్టాలి. అవసరమైతే పురుగు పట్టిన ఆకుని కవర్లో పెట్టి తీసుకెళ్ళి చూపించండి. మాటల్లో చెప్పేదానికంటే ఆకు చూపిస్తే సమాధానం సరిగ్గా వస్తుంది.

అంతకు ముందు ఇంట్లోనే మూడు పనులు. ఆకు తిప్పి అడుగున చూడటం. మట్టిలో వేలు పెట్టి తడి చూడటం. పక్కింట్లో కూడా ఇదే ఉందా అని అడగడం. ఈ మూడూ అయ్యేసరికి చాలాసార్లు కారణం దొరుకుతుంది, సీసా అవసరం తప్పుతుంది. అప్పుడు పెరట్లో కోసిన పుదీనా కడిగి నేరుగా పిల్లల చేతికి ఇవ్వడానికి ఎవరూ వెనకాడక్కర్లేదు.